గురక ఆగిన రాత్రి

పోయిన వారం మనం సాల్మన్‌ని చర్చిలో అందరి ముందూ మోకాళ్ల మీద వదిలేసి వచ్చాం. పాపం, వారం రోజులుగా అలాగే ఉన్నాడు, అతన్ని లేపాలి. లేపే ముందు, ఈ వారమే పత్రిక చేతికొచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు.

నరసాపురం రేవులో పంటు నడిపే సరంగు సాల్మన్. మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కార్లనీ ఒకేసారి ఎక్కించుకుని గోదావరి దాటించే వెడల్పాటి పడవే పంటు. ఇరవై రెండేళ్లుగా ఆ చుక్కాని అతని చేతిలోనే ఉంది. నది అడుగున ఇసుక మేట ఏ నెలలో ఎటు జరుగుతుందో అతనికి తెలిసినట్టు ఇంకొకరికి తెలియదు. అలాంటివాడు పదిహేను రోజుల కిందట, పట్టపగలు పదకొండు గంటలకి, చుక్కాని పట్టుకునే నిద్రపోయాడు. సముద్రం పాటు మీద ఉంది, నదిలో నీళ్లు తీసి ఉన్నాయి. పంటు వెళ్లి మేటనెక్కి ఒక్క కుదుపుతో ఆగింది. అవతలి ఒడ్డున బడిలో పాఠాలు చెప్పే ప్రసన్నకుమారి టీచరు స్కూటరుతో సహా పడిపోయింది, కుడి మణికట్టు విరిగింది. సరంగు తాగి ఉన్నాడని రేవు రేవంతా అనేసుకుంది. యానాం సరుకేనని కూడా తేల్చేశారు, సీసా చూసినవాడు ఒక్కడూ లేకపోయినా.

నిజానికి సాల్మన్ బుద్ధెరిగాక మందు ముట్టలేదు. అతనికున్నది గురక జబ్బు. పంటు మేటనెక్కాక భార్య హెలెన్ పోరు పెట్టి భీమవరం తీసుకెళ్తే, డాక్టర్ సుప్రియ ఒక రాత్రంతా వేలికీ ఛాతీకీ తీగలు కట్టించి పరీక్ష చేయించింది. నిద్రలో గంటకి యాభై ఆరుసార్లు ఊపిరి ఆగుతోందని తేలింది. రాత్రి పోయే నిద్ర నిద్రే కాదు కనక పగలు కళ్లు వాటంతటవే మూతపడతాయి. వైద్యం కుదిరిందని తను చెప్పేదాకా పంటు నడపొద్దని ఆవిడ ఖచ్చితంగా చెప్పింది. ఈ సంగతి సాల్మన్‌కీ, హెలెన్‌కీ, అతని తల్లి రత్తమ్మకీ తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు.

తెలియకుండా ఉండటానికే సాల్మన్ ఆ ఆదివారం పొద్దున్న, ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయానికి లేచి నిలబడ్డాడు. ఆ రోజు తాను తాగి పంటు ఎక్కానని, ఇక ముట్టనని, సంఘం తనని క్షమించాలని చెప్పి మోకరించాడు. అబద్ధమాడటం చేతకాని మనిషి నలభై ఎనిమిదేళ్లకి ఒకే ఒక్కటి ఆడాడు, అదీ దేవుడి ఎదట. అక్కడ ఆపాం కదా కిందటి భాగం.

పాస్టరు అయ్యగారు వేదిక దిగి వచ్చి అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. ఆడవాళ్ల వైపు చాలామంది కళ్లు తుడుచుకున్నారు. సంఘంలో ఒకడు మారితే అందరికీ ఆనందమే, ఆ ఆనందాన్ని నేను తప్పు పట్టను. అందరికంటే వెనక నుంచి ప్రసన్నకుమారి టీచరు లేచి వచ్చింది. కుడి చెయ్యి పిండికట్టులో, మెడకి వేలాడుతోంది. ఎడమ చెయ్యి సాల్మన్ భుజం మీద వేసింది.

"నా మనసులో ఏమీ లేదు తమ్ముడూ. రేపు ఫస్ట్ ట్రిప్పుకి నీ పంటు మీదే వస్తాను," అంది.

ఆ మాట విని చర్చి అంతా స్తోత్రం అంది.  హెలెన్‌కి మాత్రం సిగ్గుతో ఒళ్లు కాలిపోయింది. విరిగిన చేత్తో వచ్చి ఆ టీచరమ్మ క్షమించిన తప్పు తన మొగుడు చెయ్యలేదు. చేసినదేదో టీచరమ్మకి తెలియదు, తెలియకుండానే రేపు పొద్దున్న మళ్లీ ఆ పంటు ఎక్కబోతోంది.

రేవుని వేలంలో పాడుకుని పంటు తిప్పిస్తున్న జగన్నాథరావు ఈ సంఘం మనిషి కాదు. అయినా సాల్మన్ సాక్ష్యం చెప్తాడని ఎవరో చెబితే వచ్చి, చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర చివరిదాకా నిలబడ్డాడు. బయటికి వచ్చాక, తప్పు ఒప్పుకున్న మనిషిని తాను వదులుకోనని, పొద్దున్నే ఆరింటికి వచ్చి పంటు తియ్యమని చెప్పి వెళ్లాడు. సాల్మన్ ఇంటిదాకా తల ఎత్తుకుని నడిచాడు. పక్కన హెలెన్ తల దించుకుని నడిచింది. వెనక చేతికర్ర పొడుచుకుంటూ రత్తమ్మ వచ్చింది.

ఇంటికొచ్చాక హెలెన్ అన్నం పెట్టింది. ఆదివారం కాబట్టి కోడి కూర. సాల్మన్ రెండుసార్లు వడ్డించుకుని తిన్నాడు. పదిహేను రోజుల తర్వాత అతనికి తిండి సయించడం అదే మొదలు. చెయ్యి కడుక్కుని మంచం మీద నడుం వాల్చబోతుంటే, హెలెన్ స్టూలెక్కి బీరువా మీదున్న నల్ల సంచీ దించి అతని పక్కన పెట్టింది.

ఆ సంచీలో డాక్టర్ సుప్రియ పదిహేను రోజులు వాడి చూడమని ఇప్పించిన మిషను ఉంది. పది రోజులుగా అది బీరువా మీదే ఉంది. సాల్మన్ దాన్ని ఒక్క రాత్రి, పది నిమిషాలు పెట్టుకుని, పీకి పారేశాడు. ముక్కు మీద మాస్కు, తల చుట్టూ పట్టీలు, మాస్కు నుంచి మిషనుకి ఒక గొట్టం. కరోనా రోజుల్లో తన అన్నని ఆసుపత్రి అద్దంలోంచి ఆఖరిసారి చూసినప్పుడు ఆయన ముఖానికి అలాంటిదే ఉంది. ఆ సంగతి సాల్మన్ ఎవరికీ చెప్పలేదు. ఉక్కగా ఉందన్నాడు, గాలి ఎక్కువ కొడుతోందన్నాడు.

"రేపు మీరు పంటు ఎక్కడానికి వీల్లేదండి," అంది హెలెన్.

సాల్మన్ కోప్పడలేదు. సంఘమంతా క్షమించాక, జగన్నాథరావు గారంతటివాడు రమ్మన్నాక, ఇంకా ఈ గొడవేంటన్నాడు.

"మీరు చెయ్యని తప్పుకి క్షమించారు వాళ్లు. చేసింది ఎవరికి చెప్పారు మీరు?"

అప్పుడతను లేచి కూర్చున్నాడు. పదిహేను రోజులుగా లోపల పెట్టుకున్నదంతా పైకి వచ్చింది. గొంతు పెంచలేదు, అలిసిపోయినవాడిలా చెప్పాడు.

"తాగుబోతు మానేశానంటే నమ్ముతారు హెలెన్. నెల్లాళ్లు నోరు వాసన చూస్తారు, తర్వాత మర్చిపోతారు. నిద్ర జబ్బు ఉందంటే ఇంక జన్మలో స్టీరింగు ముట్టుకోనివ్వరు. నాకు వేరే పనేం వచ్చు? ఆ రేవులోనే కూర్చుని టిక్కెట్లు చింపమంటావా?"

 పన్నెండేళ్లప్పుడు తండ్రి పడవలో ఎక్కిన మనిషి అతను. గోదావరి మీద లేని సాల్మన్‌ని హెలెన్ కూడా ఊహించుకోలేదు. 

తర్వాత అతనే, వేసవిలో ఆపరేషన్ చేయించుకుంటానన్నాడు. భీమవరంలోనూ ఇదే మాట. ఒక్క కోతతో పోయే మార్గం చూడండి మేడమ్, రోజూ రాత్రి ముఖానికి కట్టుకునే వైద్యం వద్దు అని బతిమాలాడు. డాక్టర్ సుప్రియ ఓపిగ్గానే చెప్పింది. ఆవిడది కూడా ఈ పక్క పల్లెటూరే, అందుకని పొలం భాషలో చెప్పింది. ఇంజను పెట్టి కాలవ నీళ్లు తోడేటప్పుడు మెత్తటి పైపు వేస్తే, పీల్చినప్పుడల్లా అది అతుక్కుపోతుంది కదా, నిద్రలో మీ గొంతు అలా అతుక్కుపోతోంది, ఈ మిషను గాలి నింపి దాన్ని తెరిచి ఉంచుతుంది అంది. కొందరికి ఆపరేషన్ పని చేస్తుంది, మీ గొంతు చూస్తే నేను హామీ ఇవ్వలేను, చేశాక కూడా మిషను అవసరం పడొచ్చు అంది. పళ్లకి తగిలించే పరికరం తక్కువ జబ్బుకి, ఒళ్లు తగ్గడం మంచిదే కానీ తగ్గేదాకా ఊపిరి ఆగకుండా ఉండదు అంది. ఆ రోజే మందు అలవాటుందా అని కూడా అడిగింది. లేదండి అని సాల్మన్ ఎంతో గట్టిగా చెప్పాడు. ఆ గట్టితనమంతా ఇప్పుడేమైందా అని హెలెన్ అతని ముఖంలోకి చూసింది.

చూసి, తన లేసు డబ్బా తెచ్చుకుంది. నరసాపురంలో సగం మంది ఆడవాళ్లలాగే హెలెన్ కూడా చిన్నప్పటి నుంచి లేసు అల్లుతుంది. కొక్కెం సూదితో దారం లాగి ముందు ఒక గొలుసు అల్లుతారు, ఆ గొలుసు మీద పువ్వులూ ఆకులూ కట్టుకుంటూ పోతారు. డబ్బాలోంచి ఆవిడ తీసిన దాని మీద పువ్వూ లేదు, ఆకూ లేదు. ఉత్త గొలుసు, తెల్లగా, చుట్ట చుట్టి ఉంది.

"ఇది చూడండి. డాక్టరమ్మ అడిగింది కదా, ఊపిరి ఆగితే ఎంతసేపు ఆగుతుందమ్మా అని. నాకు గడియారం చూడటం తోచలేదు. మీరు ఊపిరి తియ్యడం ఆపగానే గొలుసు మొదలెట్టాను, తియ్యగానే ఆపేశాను. మళ్లీ ఆపితే మళ్లీ అల్లాను. ఒక్క గంట చేశాను. మీరు ఊపిరి తియ్యని సేపు ఇది."

సాల్మన్ దాన్ని అందుకున్నాడు. చేతికి తాడు లాంటిదేదైనా వస్తే సరంగులు ఏం చేస్తారో అదే చేశాడు. చివర ఒక చేత్తో పట్టుకుని రెండు చేతులూ బారజాపి కొలిచాడు. ఒక బార. చేతులు మార్చి మళ్లీ జాపాడు. రెండు బారలు. ఇంకా మిగిలింది. ఏళ్ల తరబడి గోదావరి లోతు అలాగే కొలిచిన మనిషి, రెండు బారలంటే ఎంతో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. నిలువెత్తు మనిషి మునిగిపోయే లోతు. గొలుసు ఒళ్లో పెట్టుకుని కాసేపు దాన్నే చూశాడు.

లొంగిపోతాడని హెలెన్ అనుకుంది. మనుషులు అంత తేలిగ్గా లొంగరు. గొలుసు పక్కన పెట్టి, ఆ ఇంట్లో ఇరవై ఆరేళ్లుగా అందరూ నమ్మే మాట తీశాడు.

"మా నాన్న నాకంటే గట్టిగా గురక పెట్టేవాడు. పేట పేటంతా వినపడేది. ఏ మిషనూ లేదు, ఏ డాక్టరూ లేడు. ఏమైందాయనకి? ప్రార్థన చేసుకుని పడుకున్నాడు, ఎవరికీ చేతులు చాపకుండా నిద్రలో వెళ్లిపోయాడు. అలాంటి చావు ఎంతమందికొస్తుంది?"

వరండాలో నులకమంచం కిర్రుమంది. రత్తమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పటి నుంచి వింటోందో తెలియదు. ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్లు పట్టేసి లేవడానికే పావుగంట పడుతుంది. ఈసారి కర్ర కూడా లేకుండా లేచి వచ్చింది.

"ఏమైందో నేను చెప్తానురా," అంది.

సాల్మన్ తండ్రి నతానియేలు సరుకు పడవ నడిపేవాడని, నలభై తొమ్మిదో ఏట పోయాడని పాత పాఠకులకి తెలుసు. ఏటా ఆయన పోయిన రోజున ఇంట్లో జ్ఞాపకార్థ కూడిక పెడతారు. అయ్యగారు వస్తారు, పేటంతా వస్తుంది. నీతిమంతుడికి దేవుడిచ్చిన చావు అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. రత్తమ్మ చాప మీద కూర్చుని తలాడిస్తుంది. ఇరవై ఆరు కూడికల్లోనూ అలాగే తలాడించింది.

హెలెన్ ఆవిడని పట్టుకుని మంచం మీద కూర్చోబెట్టింది. రత్తమ్మ కొడుకు వైపు చూడలేదు, ఆ తెల్ల గొలుసు తీసుకుని వేళ్లతో తడుముతూ చెప్పింది.

"మీ నాన్న గురకకి నేను పదిహేనేళ్లు సరిగ్గా నిద్దరోలేదు. పొద్దున్నే కూలికి పోవాలి, రాత్రంతా మెలకువే. ఒక్క రాత్రి, ఒక్క రాత్రి నాకు నిద్రియ్యి ప్రభువా అని ప్రార్థన కూడా చేసుకునేదాన్ని. ఆ రోజూ పడుకోగానే మొదలెట్టాడు. కాసేపు ఆగడం, మళ్లీ ఎగపీల్చడం. అలవాటేగా. తర్వాత ఒకసారి ఆగింది. మళ్లీ రాలేదు."

 రత్తమ్మ గొలుసు వేలికి చుట్టుకుంది.

"నేను మెలకువగానే ఉన్నానురా. ఆగిపోయిందని నాకు తెలుసు. హమ్మయ్య అనుకున్నాను. దేవుడు నా ప్రార్థన విన్నాడనుకుని అటు తిరిగి పడుకున్నాను. అంత నిద్ర నా జన్మలో పోలేదు. ముఖం మీద ఎండ పడితే గానీ లేవలేదు."

హెలెన్ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సాల్మన్ తల్లినే చూస్తూ అడిగాడు. 

"అప్పుడు లేపి ఉంటే బతికేవాడా అమ్మా?"

"తెలీదురా. లేపలేదు కదా."

తర్వాత మిగిలింది ఆవిడ నెమ్మదిగా, ఎవరికో చెప్పినట్టు చెప్పింది. ఆ తర్వాత ఏ రాత్రయినా మంచి నిద్ర పడితే ఉలిక్కిపడి లేచి కూర్చునేదట. కొడుక్కి పెళ్లయి, వాడికీ గురక మొదలయ్యాక, గదిలోంచి ఆ చప్పుడు వినపడుతుంటేనే ఆవిడకి కన్నంటుకునేది. చప్పుడు ఆగితే లేచి, మళ్లీ మొదలయ్యేదాకా వరండాలో చీకట్లో కూర్చునేది. కొత్తగా కాపురానికొచ్చినప్పుడు హెలెన్ ఈ గురక భరించలేకపోతున్నాను అత్తయ్యా అంటే, పెట్టనియ్యవే, మగాడన్నాక గురక పెట్టడా అని కసిరేది. అత్తగారు కొడుకుని వెనకేసుకొస్తోందని హెలెన్ ఎన్నిసార్లు లోలోపల తిట్టుకుందో ఇదివరకు మనం చూశాం. ఈ ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, మధ్యలో ఒక గోడ, అటూ ఇటూ మెలకువగా ఉండి ఒకే మనిషి ఊపిరి లెక్కపెట్టారు. ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. తెలిసి ఉంటే ఆ రాత్రులు కొంచెమైనా తేలికపడేవేమో. ఇది రాస్తుంటే నాకే కష్టంగా ఉంది.

"నలభై తొమ్మిది నీకు వచ్చే నెలలో వస్తాయి," అంది రత్తమ్మ. అంతకు మించి బతిమాలలేదు.

సాల్మన్ లేచి పెరట్లోకి వెళ్లాడు. కుళాయి తిప్పిన చప్పుడు వినపడింది. చాలాసేపు ముఖం కడుక్కుంటూనే ఉన్నాడు, ఇంత దుమ్ము ఎక్కడిదో. హెలెన్ వెళ్దామని లేవబోతే అత్తగారు చెయ్యి పట్టుకుని ఆపింది. తిరిగొచ్చాక అతని కళ్లు ఎర్రగా ఉన్నాయి. తల్లి పాదాల దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. ఆవిడ మీద కోపమొచ్చిందో, జాలి వచ్చిందో, అప్పటికి అతనికే తెలిసినట్టు లేదు. వంగి, మంచం మీంచి కిందికి జారిన దుప్పటి తీసి ఆవిడ ఒళ్లో వేశాడు. తర్వాత నల్ల సంచీ జిప్పు తనే లాగాడు.

"పెట్టుకుంటాను. ఇప్పుడే పెట్టుకుంటాను. ఒక్కటే మాట. ఇది మన ముగ్గురి మధ్యా ఉండిపోవాలి. బయట ఒక్కరికి కూడా తెలియకూడదు."

హెలెన్ అవుననలేదు, కాదనలేదు. గాలికి తేమ ఇచ్చే చిన్న డబ్బాలో కాచి చల్లార్చిన నీళ్లు పోసి మిషనుకి తగిలించింది, మాస్కు తుడిచింది, నర్సు చూపించినట్టు పట్టీలు సరిచేసింది. మాట్లాడలేదు కాబట్టి ఒప్పుకుందని సాల్మన్ అనుకున్నాడు. పద్దెనిమిదేళ్ల కాపురంలో అతను ఎప్పుడూ అలాగే అనుకున్నాడు.

మిషను ఆన్ చేయగానే గాలి వచ్చి ముక్కులోకి దూరింది. సాల్మన్ కళ్లు పెద్దవయ్యాయి, చెయ్యి పట్టీ మీదికి వెళ్లింది. ఈసారి పీకెయ్యలేదు. నోరు మూసుకోండి, గాలితో పోట్లాడకండి, వచ్చినదాన్ని రానియ్యండి అని హెలెన్ పక్కన కూర్చుని చెబుతూనే ఉంది. రత్తమ్మ కాళ్ల దగ్గర కూర్చుని కొడుకు పాదం పట్టుకుంది. చిన్నప్పుడు జ్వరం వస్తే అలాగే పట్టుకునేదట. ఒక్కొక్క ఊపిరే తీస్తూ, వదులుతూ, పక్కకి తిరిగి పడుకున్నాడు. పది నిమిషాల్లో నిద్రపోయాడు.

గురక లేదు.

మిషనులోంచి సన్నగా గాలి చప్పుడు, కిటికీ బయట ఎవరో బట్టలుతుకుతున్న చప్పుడు, అంతే. పద్దెనిమిదేళ్లలో ఆ గదిలో అతను నిద్రపోతుండగా అంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు. ఇద్దరు ఆడవాళ్లూ బెదిరిపోయారు. రత్తమ్మ ముందుకి జరిగి కొడుకు ఛాతీ మీద అరచెయ్యి పెట్టింది. చెయ్యి పైకి లేచింది, కిందికి దిగింది, మళ్లీ లేచింది. అయినా తియ్యలేదు. హెలెన్ సూదీ దారం అందుకుంది. మొదటి ముడి వేసి, ఊపిరి ఆగితే గొలుసు మొదలెడదామని కాచుకుని కూర్చుంది. పావుగంట గడిచింది. అరగంట గడిచింది. సూది మీద ఆ ఒక్క ముడే ఉంది.

"ఇంతేనా అమ్మాయ్?" అంది రత్తమ్మ చాలా మెల్లిగా. "ఇంతేనా కావలసింది?"

ఆ రోజుల్లో ఇలాంటి మిషన్లు మనకెక్కడివి అత్తయ్యా అని హెలెన్ అనబోయింది. అనకుండానే ఆవిడ పక్కకి వెళ్లి కూర్చుని, భుజం చుట్టూ చెయ్యి వేసింది. ముసలావిడ చప్పుడు చెయ్యకుండా ఏడ్చింది, కొడుక్కి నిద్రాభంగమవుతుందని. ఒక్క చెయ్యి మాత్రం అతని ఛాతీ మీదే ఉంచింది.

నాలుగున్నరకి కిటికీలో సాల్మన్ ఫోను కదిలింది. మోగకుండా హెలెన్ గబుక్కున అందుకుంది. జగన్నాథరావు. వెనక జనం గోల, హారన్లు వినిపిస్తున్నాయి.

"ఆయ్, చెప్పండి," అంది హెలెన్ గొంతు తగ్గించి.

ఆయన కంగారులో ఉన్నాడు. సాల్మన్ బదులు పంటు నడుపుతున్న దొరబాబుకి మధ్యాహ్నం నుంచి చలిజ్వరం, ఇంటికి పంపించేశాడు. ఆదివారం కదా, అంతర్వేది దర్శనానికి వెళ్లినవాళ్లంతా అవతలి రేవులో ఆగిపోయారు. పిల్లలు, ముసలివాళ్లు. పాటు కూడా మొదలైంది, ఇంకో గంటలో మేట పైకి తేలుతుంది. దాన్ని తప్పించి తీసుకురావడం సాల్మన్ ఒక్కడి వల్లే అవుతుంది. రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పంపించమన్నాడు.

హెలెన్ మంచం వైపు చూసింది. లేపితే సాల్మన్ పరుగెత్తుకుని వెళ్తాడు. రెండు గంటల నిద్రతో, చిన్నప్పుడు లేచినట్టు హుషారుగా లేస్తాడు, తన జబ్బు పోయిందని కూడా అనుకుంటాడు. జ్వరమని చెప్పి ఇవాళ తప్పించవచ్చు. రేపు ఆరింటి సంగతేం చేస్తుంది? ఫస్ట్ ట్రిప్పులో ఎడమ చేత్తో కమ్మీ పట్టుకుని నిలబడే ప్రసన్నకుమారి టీచరు ఆవిడ కళ్ల ముందు కనిపించింది. మన ముగ్గురి మధ్యా ఉండిపోవాలన్న మాట కూడా వినిపించింది. చెబితే అతని చేతిలోంచి చుక్కాని పోతుంది. తిరిగి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. పోగొట్టింది తనే అవుతుంది.

"ఏమ్మా, లైన్లో ఉన్నావా? నిద్రపోతుంటే లేపమ్మా, నేను చెప్పానని లేపు."

రత్తమ్మ కోడలి ముఖంలోకి చూస్తోంది. ఫోనులో మాటలు ఆవిడకి వినపడ్డాయో లేదో తెలియదు. ఛాతీ మీది చెయ్యి మాత్రం తియ్యలేదు. రెండో చేత్తో మంచం మీది తెల్ల గొలుసు తీసి కోడలి ఒళ్లో పెట్టింది.

"లేపనండి," అంది హెలెన్.

అవతల జగన్నాథరావు ఏదో అనబోయాడు. ఆవిడ అననివ్వలేదు. గొలుసు పిడికిట్లో పట్టుకుని, ఇక ఆగితే చెప్పలేనని భయపడి చెప్పేసింది.

"జగన్నాథరావు గారూ, మా ఆయన ఆ రోజు తాగలేదండి."

 హెలెన్ తల తిప్పి చూసింది. మాస్కు పైన సాల్మన్ కళ్లు తెరిచి ఉన్నాయి, ఆవిడనే చూస్తున్నాయి.